రేకు కోసినప్పుడు లేచే దుమ్ము

నిజామాబాద్ నుంచి ఆర్మూర్ పోయే రోడ్డు మీద, ఆర్మూరుకు కాస్త ముందు అంకాపూర్ తగులుతుంది. బండి ఆపి కాల్చిన మక్క కంకి తినేవాళ్లు, నాటుకోడి కూర కట్టించుకుని పోయేవాళ్లు, ఎర్రజొన్న విత్తనం బేరమాడేవాళ్లు ఊరిని బాగానే గమనిస్తారు గానీ తలెత్తి కప్పు చూడరు. పసుపు కాడి, గోళ విడదీసి పోసే షెడ్డు, విత్తనాల గోదాము, బర్రెల కొట్టం, బోరు మోటారు గది, రోడ్డు పక్క హోటల్ వంటపాక, వీటిలో చాలావాటి మీద ఉండేది బూడిద రంగు అలల రేకే. ఇది అంకాపూర్ ఒక్కదాని సంగతి కాదు, తెలుగు నేల మీద ఏ ఊరికైనా వర్తిస్తుంది. పంట డబ్బు ఆడే ఊరు గనుక ఇక్కడ షెడ్లు ఎక్కువ, అంతే.

సిమెంటు రేకులో ఎక్కువ పాలు సిమెంటు, ఫ్లై యాష్. వందలో ఎనిమిది నుంచి పది పాళ్ల దాకా క్రైసోటైల్ అనే తెల్ల ఆస్బెస్టాస్ ఉంటుంది. పులివెందుల వైపు దీన్ని రాతినార అంటారు. సిమెంటు పిండిని పట్టి ఉంచేది, పలుచని రేకు మీద మనిషి నడిచినా విరగకుండా కాసేది ఈ నారే. నిప్పుకు కాలదు, తుప్పు పట్టదు, చెదలు తినవు. ఎండాకాలంలో గుడిసెలకు గుడిసెలు అంటుకుని బూడిదయ్యే పల్లెల్లో ఈ రేకు ఎంత ధైర్యమిచ్చిందో ఆ కాలం చూసినవాళ్లకు తెలుసు. అందుకే ఈ వస్తువును తిట్టిపోయడం తేలిక, దాన్ని నమ్ముకున్న మనుషులను తప్పుపట్టడం అన్యాయం.

ప్రమాదం ఎక్కడుందో చూడాలంటే రేకు వేసే పనిని దగ్గర నుంచి చూడాలి. కొత్త షెడ్డుకు రేకులు దిగాయి. పొడుగు సరిపోలేదు, చివర జానెడు తీసేయాలి. వెనకటి రోజుల్లో మేస్త్రీ రంపంతో కోసేవాడు, ఇప్పుడు చేతి గ్రైండర్ ఉంది. రాయి కోసే బ్లేడు రేకుకు తగలగానే తెల్లటి దుమ్ము మేఘంలా లేస్తుంది. మేస్త్రీ ముఖానికి రుమాలు చుట్టుకుంటాడు, లేకపోతే అదీ లేదు. పక్కనే రేకును కదలకుండా పట్టుకున్న కుర్రాడి కనుబొమలు తెల్లబడతాయి. తర్వాత పైకెక్కి జె బోల్టుల కోసం డ్రిల్లుతో బెజ్జాలు వేస్తారు, ఆ పొడి కింద నిలబడ్డవాళ్ల నెత్తిన రాలుతుంది. సాయంత్రం ఇంటి ఆడవాళ్లు చీపురు తెచ్చి నేల ఊడుస్తారు. కింద పడ్డ దుమ్ము మళ్లీ లేస్తుంది. ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా హానికరమైనవి ఆ గ్రైండరు, ఆ పొడి చీపురు. బిగించిన రేకు మాత్రం, పగలనంత కాలం, దాదాపు ఊరకే పడి ఉంటుంది.

ఈ వ్యాసంలో నేను నిలబెట్టదలచుకున్న మాట ఇదే. రేకు కింద కాపురమున్నంత మాత్రాన రేపో మాపో క్యాన్సర్ వస్తుందని భయపెట్టడం అబద్ధం. కంపెనీలు చెప్పినట్టు సిమెంటులో ఇరుక్కున్న పీచు ఎప్పటికీ బయటికి రాదనడం అంతకన్నా పెద్ద అబద్ధం. పీచు బయటపడే సందర్భాలు లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. ఆ సందర్భాల్లో ఎవరి ముక్కు అక్కడ ఉంటుందన్నదే అసలు ప్రశ్న.

ఊపిరితిత్తిలో ఏం జరుగుతుంది

పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము దగ్గర పనిచేసినవాళ్లకు దుమ్ము కొత్త కాదు. సాయంత్రానికి చీదితే ముక్కులోంచి పచ్చగా వస్తుంది, దగ్గితే కళ్లె పచ్చగా పడుతుంది. ఆ దుమ్ములో చాలా భాగాన్ని ఒళ్లు అలా బయటికి నెట్టేస్తుంది. రాతినార దగ్గర ఈ ఏర్పాటు ఓడిపోతుంది. ఆ పీచు నిలువునా చీలుతూ పోతుంది, ఎంత సన్నగానైనా చీలుతుంది. గాలిలో పీచును కొలిచేవాళ్లు లెక్కలోకి తీసుకునేది 5 మైక్రాన్ల కన్నా పొడవు, 3 మైక్రాన్ల కన్నా తక్కువ మందం ఉన్న పోగులను. మన తల వెంట్రుక మందమే 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంత సన్నని పోగు కంటికి ఆనదు, ముక్కు వెంట్రుకలకు చిక్కదు, ఊపిరితిత్తి చిట్టచివరి గాలి తిత్తుల దాకా పోతుంది.

అక్కడ కాపలా కాసే కణాలు దాన్ని మింగబోతాయి. పోగు తమకన్నా పొడుగ్గా ఉండటంతో పూర్తిగా మింగలేవు. మింగలేక చస్తూ, చస్తూ లోపలి రసాయనాలను బయటికి కక్కుతాయి. ఆ చోట వాపు వస్తుంది, మానుతుంది, మళ్లీ వస్తుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగి ఊపిరితిత్తి మచ్చలు కట్టి గట్టిపడుతుంది. దీన్నే ఆస్బెస్టోసిస్ అంటారు. ముందు మెట్లెక్కితే ఆయాసం, తర్వాత నాలుగడుగులు వేస్తే ఆయాసం, చివరికి మంచం మీద పక్కకు తిరిగినా ఆయాసం. డాక్టర్ స్టెతస్కోపు వీపు కింది భాగాన పెడితే పటపటమని సన్నటి చప్పుడు వినిపిస్తుంది. వేళ్ల కొసలు గుండ్రంగా ఉబ్బుతాయి. గట్టిపడిన ఊపిరితిత్తిని మళ్లీ మెత్తబరిచే మందు లేదు.

ఆస్బెస్టోసిస్ రావాలంటే దుమ్ము ఎక్కువగా, చాలా కాలం పీల్చాలి, అందుకే అది ముఖ్యంగా గని, ఫ్యాక్టరీ కార్మికుల జబ్బు. క్యాన్సర్ల సంగతి వేరు. ఊపిరితిత్తుల క్యాన్సర్, గొంతులోని స్వరపేటిక క్యాన్సర్, ఆడవాళ్లలో అండాశయ క్యాన్సర్, ఊపిరితిత్తుల పొరకూ కడుపు పొరకూ వచ్చే మెసోథీలియోమా, ఈ నాలుగింటికీ ఆస్బెస్టాస్ కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. నీలం, గోధుమ రంగు రకాలతో పాటు తెల్ల ఆస్బెస్టాస్‌ను కూడా మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలోనే పెట్టింది. మెసోథీలియోమాకు కొద్దిపాటి తాకిడి కూడా చాలు. బయటపడ్డాక ఎక్కువమంది ఏడాది, ఏడాదిన్నరకు మించి బతకరు.

పొగ తాగేవాళ్లకు ముప్పు ఎన్నో రెట్లు. అమెరికాలో హమ్మండ్, సెలికాఫ్ అనే పరిశోధకులు 1979లో ప్రకటించిన లెక్క ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. పొగ తాగని, ఆస్బెస్టాస్ పని చేయని మనిషితో పోలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ చావు ముప్పు ఆస్బెస్టాస్ ఒక్కటే ఉన్నవాడికి 5 రెట్లు, పొగ ఒక్కటే ఉన్నవాడికి 10 రెట్లు దాటి, రెండూ ఉన్నవాడికి 50 రెట్లు. ఇంటింటా బీడీలు చుట్టే నిజామాబాద్ జిల్లాలో ఈ లెక్క ఊరికే చదివి వదిలేసేది కాదు. రేకుల పనికి పోయే మేస్త్రీ చెవి మీద బీడీ ఉండనే ఉంటుంది.

తాగునీటి భయం గురించి ఒక మాట. పాత పట్టణాల్లో భూమిలో ఆస్బెస్టాస్ సిమెంటు గొట్టాలే ఉండేవి, కొన్నిచోట్ల ఇంకా ఉన్నాయి. కడుపులోకి పోయిన పీచు క్యాన్సర్ తెస్తుందనడానికి గట్టి ఆధారం దొరకలేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ముప్పంతా పీల్చడంలోనే ఉంది. రేకు మీద నుంచి జారిన వాననీళ్లు బర్రెలు తాగుతున్నాయని కంగారుపడే రైతు, ఆ కంగారును గ్రైండర్ వైపు మళ్లిస్తే మేలు.

ముప్పై ఏళ్ల దాగుడుమూతలు

ఈ జబ్బులన్నిటిలో మనిషిని మోసం చేసే గుణం కాలవ్యవధి. దుమ్ము పీల్చిన పది, ఇరవై ఏళ్లకు గానీ ఆస్బెస్టోసిస్ తేలదు. మెసోథీలియోమాకు ముప్పై, నలభై ఏళ్లు కూడా పడుతుంది. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ ఫ్యాక్టరీలో రాతినార వడికిన నెల్లీ కెర్షా 1924లో చనిపోతే, ఆమె ఊపిరితిత్తులను పరీక్షించిన డాక్టర్ కుక్ ఆ సంగతి వైద్య పత్రికలో రాశాడు. 1930లో బ్రిటిష్ ప్రభుత్వమే విచారణ జరిపించి దుమ్ము ప్రాణాంతకమని ఒప్పుకుంది, 1931లో నిబంధనలు తెచ్చింది. అయినా అక్కడ పూర్తి నిషేధం 1999లో గానీ రాలేదు. నిషేధించి పాతికేళ్లు దాటినా ఆ దేశంలో ఏటా 2 వేలమందికి పైగా మెసోథీలియోమాతో చనిపోతూనే ఉన్నారు. వీళ్లంతా యాభై ఏళ్ల కిందటి దుమ్ముకు ఇవాళ బలవుతున్నవాళ్లు.

ఇంకో రెండు ఉదంతాలు చెప్పి ముందుకు పోతాను. 1960లో దక్షిణాఫ్రికాలో డాక్టర్ వాగ్నర్ బృందం నీలం ఆస్బెస్టాస్ గనుల ప్రాంతం నుంచి 33 మెసోథీలియోమా కేసులను ప్రకటించింది. వాళ్లలో గనిలో ఎన్నడూ పనిచేయనివాళ్లు, చిన్నప్పుడు ఆ చుట్టుపక్కల ఆడుకున్నవాళ్లు కూడా ఉన్నారు. 2005లో జపాన్‌లోని అమగసాకి పట్టణంలో కుబోటా కంపెనీ పాత గొట్టాల ఫ్యాక్టరీ చుట్టూ కాపురమున్న మామూలు జనంలో ఇదే జబ్బు బయటపడి దేశమంతా అట్టుడికింది. మరుసటి ఏడాదే అక్కడ బాధితులకు పరిహార చట్టం వచ్చింది. ఐస్‌లాండ్ 1983లోనే నిషేధించింది. ఆస్ట్రేలియా 2003 చివరన, యూరోపియన్ యూనియన్ 2005లో, ప్రపంచానికి దశాబ్దాల పాటు రాతినార అమ్మిన కెనడా 2018లో, అమెరికా 2024లో తెల్ల ఆస్బెస్టాస్‌కు తలుపులు మూశాయి. పనిచోట ఆస్బెస్టాస్ పీల్చి ఏటా 2 లక్షలమందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మన నేల మీద రాతినార

తెలుగువాళ్లకు ఈ కథ దిగుమతి సరుకు కాదు. కడప జిల్లా పులివెందుల పక్కన బ్రాహ్మణపల్లె కొండల్లో మేలురకం క్రైసోటైల్ దొరికేది. అక్కడి డోలమైట్ సున్నపురాయిలోకి కరిగిన రాయి పొరలు చొచ్చుకొచ్చినప్పుడు, ఆ అంచుల్లో వేడికి, నీటికి రాయి మారిపోయి నారలా ఏర్పడింది. ఆ రాయిని తవ్వి, పగలగొట్టి, మిల్లులో దంచి, జల్లించి నారను విడదీసేవారు. ప్రపంచంలో ఎక్కడ చూసినా ఆస్బెస్టాస్ పనుల్లో గని కన్నా ఈ దంచే మిల్లే దుమ్ముకు పుట్టిల్లు. నాలుగు గోడల మధ్య పొడి రాయిని దంచితే వేరే ఏం జరుగుతుంది? కేంద్రం 1986లో ఆస్బెస్టాస్‌కు కొత్త లీజులు ఇవ్వకూడదని నిర్ణయించింది, 1993లో ఉన్న లీజులను పొడిగించకూడదంది. నేల లోపలి నారను ప్రమాదమని ఆపిన ప్రభుత్వం, రష్యా నుంచి, కజకిస్తాన్ నుంచి, బ్రెజిల్ నుంచి ఓడల్లో వచ్చే నారను మాత్రం ఆపలేదు. సొంత మట్టిది విషం, పరాయి మట్టిది సరుకు అన్నట్టుంది వ్యవహారం. బ్రెజిల్ సంగతి ఇంకా విడ్డూరం. 2017లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం దేశంలో వాడకాన్ని కొట్టేసినా, ఎగుమతి కోసం తవ్వకం సాగుతూ వచ్చింది. తమవాళ్లు పీల్చకూడనిది మనవాళ్లు పీల్చవచ్చన్న మాట.

రేకుల తయారీకి హైదరాబాదే పెద్ద కేంద్రం. 1946లో మొదలైన హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ పెట్టి చార్మినార్ రేకులను ఇంటింటికీ తెలిసిన పేరు చేసింది. పేర్లు మార్చుకుంటూ అది హిల్ అయింది, 2025లో బిర్లాన్యూ అయింది. 1981లో పుట్టిన విశాఖ ఇండస్ట్రీస్ కూడా హైదరాబాద్ కేంద్రంగానే ఎదిగింది. దేశంలో రేకులు తయారు చేసే పెద్ద కంపెనీల జాబితా తీస్తే ఈ రెండు పేర్లూ పైవరసలోనే ఉంటాయి. అంటే దేశంలో మరెవరికన్నా ముందు ఈ జబ్బు గురించి వైద్య పరిజ్ఞానం పోగుచేసుకోవాల్సిన నగరం హైదరాబాద్. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి సనత్‌నగర్‌కు పక్కనే ఉంది కూడా.

హైదరాబాద్ ఆస్బెస్టాస్ కంపెనీ అడుగుజాడ జార్ఖండ్ దాకా ఉంది. చాయిబాసా దగ్గర రోరో కొండల్లో 1963 నుంచి 1983 వరకూ ఈ కంపెనీయే రాతినార తవ్వింది. గని మూతపడ్డాక లక్షల టన్నుల వ్యర్థం కొండవాలున అలాగే మిగిలింది. కింద హో ఆదివాసీల ఊళ్లు, పొలాలు. వానలకు ఆ పొడి కొట్టుకొచ్చి పొలాల్లో పరుచుకుంది. పర్యావరణ సంఘాలు దశాబ్దాలుగా మొత్తుకున్న మీదట వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. గని మూత పడితే ముప్పు మూత పడదు.

ఇక కోర్టు. అహ్మదాబాద్‌కు చెందిన వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రం వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఇచ్చిన తీర్పు మన దేశంలో ఈ విషయానికి మూలస్తంభం. ఆ తీర్పు రాసింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన మన జస్టిస్ కె. రామస్వామి. కార్మికుడి ఆరోగ్యం, వైద్యం రాజ్యాంగం 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కేనని ఆయన తేల్చి చెప్పారు. ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన రోజు నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలన్నారు. అందరికీ బీమా తప్పనిసరన్నారు. జబ్బు ఖరారైన కార్మికులకు లక్ష రూపాయల చొప్పున పరిహారం ఇమ్మన్నారు. అనుమతించే దుమ్ము హద్దును పదేళ్లకోసారి సమీక్షించమన్నారు. జబ్బు బయటపడేసరికి మనిషి రిటైరై ఊరికి పోయి ఉంటాడన్న సంగతి పట్టుకుని, దానికి తగ్గట్టు రికార్డు గడువు పెట్టడంలో ఆయన చూపు కనిపిస్తుంది. ఆ 40 ఏళ్ల రికార్డులు ఇవాళ ఎన్ని ఫ్యాక్టరీల్లో తీసి చూపించగలరో కార్మిక శాఖ ఒక్కసారి బహిరంగంగా చెప్పాలి.

2011 జనవరిలో నిషేధం కోరుతూ వచ్చిన ఇంకో పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. నిషేధం చట్టసభల పని అంది, 1995 ఆదేశాలు అమలు చేయమని మళ్లీ చెప్పింది. అదే ఏడాది జెనీవాలో, ప్రమాదకర రసాయనాల వ్యాపారం మీద రాటర్‌డామ్ ఒప్పందం సమావేశంలో తెల్ల ఆస్బెస్టాస్‌ను జాబితాలో చేర్చడానికి భారత్ సరేనని అందరినీ ఆశ్చర్యపరిచింది. 2013కల్లా మాట మార్చింది. జాబితాలో చేరినంత మాత్రాన నిషేధం కూడా కాదు, అమ్మేవాడు కొనేవాడికి ముప్పు సంగతి ముందుగా చెప్పాలి, అంతే. ఆ మాత్రం కూడా కుదరనివ్వలేదు. ఆస్బెస్టాస్ పనిలో భద్రత మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1986లో చేసిన 162వ ఒప్పందాన్ని మన దేశం ఆమోదించలేదు.

కంపెనీల వాదనలో ఎంత పస ఉంది

కంపెనీల మాట పూర్తిగా తీసిపారేసేది కాదు, అందుకే కాస్త ఆగి చూద్దాం. తెల్ల ఆస్బెస్టాస్ పోగు వంకరగా, మెత్తగా ఉంటుంది, నీలం రకం సూదిలా నిటారుగా ఉంటుంది. తెల్లది ఊపిరితిత్తిలో త్వరగా విరిగి కొంతవరకు కొట్టుకుపోతుంది. మెసోథీలియోమా తేవడంలో నీలం రకం దానికన్నా ఎన్నో రెట్లు ఘాటైనది. ఇవన్నీ నిజాలే. ఇప్పుడు మన ఫ్యాక్టరీల్లో నార సంచులను యంత్రాలే మూసిన గదుల్లో కోస్తున్నాయని, తడిపి కలుపుతున్నారని కంపెనీలు అంటాయి. పెద్ద ఫ్యాక్టరీల మటుకు ఇందులో నిజం ఉండొచ్చు.

కానీ ఫ్యాక్టరీ గేటు దాటాక ఆ కట్టుదిట్టం ఎక్కడ? నియంత్రించి వాడితే భయం లేదన్న వాదనంతా ఫ్యాక్టరీ లోపలి బతుకు గురించి. రేకు బయటికొచ్చాక దాని బతుకు యాభై ఏళ్లు. ఆ యాభై ఏళ్లలో దాన్ని కోసేవాడు, బెజ్జం వేసేవాడు, విప్పేవాడు, పగిలితే తట్టలో ఎత్తేవాడు ఎవరూ కంపెనీ మనుషులు కారు. వాళ్లకు ఎక్స్‌రే తీసేవాడు లేడు, ఈఎస్ఐ కార్డు లేదు, 1995 తీర్పు వర్తించే రిజిస్టరులో పేరు లేదు. రేకు మీద అచ్చువేసిన హెచ్చరికను అంకాపూర్‌లోనే కాదు, ఎక్కడైనా ఎంతమంది చదివారో అడిగి చూడండి.

గట్టి రుజువు ఇంకోటి ఉంది, అది కంపెనీల దుకాణాల్లోనే దొరుకుతుంది. చార్మినార్ పేరు మీదే ఫార్చూన్ అనే ఆస్బెస్టాస్ లేని అలల రేకును బిర్లాన్యూ (వెనకటి హిల్) అమ్ముతోంది. రాతినార బదులు వేరే పీచులు వాడి రేకు చేయడం సాధ్యమని వాళ్లే నిరూపించారు. ధర ఎక్కువ, అందుకే పాతది నడుస్తోంది. అంటే మిగిలింది సైన్సు తగవు కాదు, ధర తగవు. ఆ ధర తేడా ఎవరు భరించాలన్నది విధానానికి సంబంధించిన ప్రశ్న. రంగు వేసిన ఇనప రేకులు చవకే గానీ ఎండాకాలం కింద ఉండలేం, వాన పడితే మాట వినపడదు. పసుపు, విత్తనాల షెడ్లకు అవి ఇప్పటికే చాలాచోట్ల వచ్చేశాయి, మనుషులు పడుకునే ఇళ్లకే చిక్కు.

లెక్కల్లో కనిపించని జబ్బు

ఇంత వాడకం ఉంటే రోగులేరీ అని కంపెనీలు అడుగుతాయి. నిజమే, మన ఆసుపత్రుల రిజిస్టర్లలో ఆస్బెస్టోసిస్ వేళ్ల మీద లెక్కపెట్టేంతే. కారణం చూడండి. యాభై ఐదేళ్ల మనిషి దగ్గుతో, ఆయాసంతో, బరువు తగ్గి వస్తే మన దగ్గర మొదటి అనుమానం టీబీ. అది తప్పు కాదు, టీబీ అంత ఎక్కువ మరి. కళ్లెలో క్రిమి కనిపించకపోయినా ఎక్స్‌రేలో మచ్చలున్నాయని ఆరు నెలల కోర్సు నడుస్తుంది. తగ్గకపోతే బీడీ మీద నెపం. నలభై ఏళ్ల కిందట ఏం పని చేశావని అడిగే తీరిక ఓపీలో ఎవరికుంది? మామూలు ఎక్స్‌రేలో మొదటి దశ మచ్చలు తేలవు, హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ కావాలి. మెసోథీలియోమా అని తేలాలంటే ముక్క తీసి పరీక్ష చేయాలి, దానికి పెద్ద క్యాన్సర్ ఆసుపత్రికి పోవాలి. అక్కడికి చేరేలోపు చాలామంది ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరి పోయారన్న మాటతోనే కాటికి పోతారు.

చట్టం మాత్రం కాగితం మీద బలంగానే ఉంటూ వచ్చింది. 2025 నవంబర్‌లో కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చేదాకా ఉన్న ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో ఆస్బెస్టోసిస్ ఉండేది. అలాంటి రోగిని చూసిన ఏ డాక్టరైనా 89వ సెక్షన్ కింద ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేయాల్సి ఉండేది. అప్పటి ఉద్యోగుల పరిహార చట్టంలో ఆస్బెస్టాస్ వల్ల వచ్చే క్యాన్సర్లు కూడా వృత్తి జబ్బులుగానే ఉండేవి. పనిచేసిన చోటు రుజువైతే పరిహారం వస్తుంది. రుజువు చేయాలంటే పని చరిత్ర కాగితం మీదుండాలి. మన జిల్లా మనుషుల పని చరిత్ర ఎలాంటిది? కొన్నేళ్లు బొంబాయి, కొన్నేళ్లు దుబాయ్, మస్కట్, సౌదీ, తర్వాత ఊళ్లో వ్యవసాయం. గల్ఫ్‌లో పాత కట్టడాలు కూలగొట్టిన చోట ఏం పీల్చారో వాళ్లకే తెలియదు. అక్కడి కంపెనీ ఎప్పుడో ఎత్తేసి ఉంటుంది. ఆర్మూర్, బాల్కొండ, నిజామాబాద్ ఆసుపత్రుల ఓపీ చీటీ మీద పేరు, వయసు పక్కన ‘చేసిన పనులు’ అని ఒక గడి పెట్టడానికి డబ్బు ఖర్చు కాదు. ఇరవై ఏళ్లకు ఆ గడులే మనకు లెక్క చెబుతాయి.

పగిలిన రేకు

కొత్త రేకు కన్నా పాత రేకు గురించి ఎక్కువ ఆలోచించాలి. ఎండకు, వానకు పైపూత అరిగి, నాచు పట్టి, అంచుల్లో నార బయటికి తేలుతుంది. దాన్ని ఇనప బ్రష్‌తో రుద్ది కడిగితే పీచును మనమే లేపినట్టు. కోతుల మందలు రేకుల మీద దూకి పగలగొట్టడం ఇప్పుడు తెలంగాణ పల్లెల్లో రోజువారీ బాధ. వడగళ్ల వాన వస్తే ఒక్క గంటలో షెడ్డంతా జల్లెడవుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద పడ్డప్పుడు ఇళ్ల మీద రేకులు ముక్కలై వీధుల నిండా పరుచుకున్నాయి, చీపుర్లతో ఊడ్చి లారీలకెత్తారు. ఆ ముక్కలు ఎక్కడ పోశారని ఎవరూ అడగలేదు. మన ఊళ్లలోనూ పగిలిన రేకు ముక్కలు గుంతల్లో పోసి పైన మట్టి కప్పుతారు, కోళ్ల గూటికి అడ్డం పెడతారు, కల్లం గట్టు కింద పేరుస్తారు. ట్రాక్టరు చక్రం కింద నలిగినప్పుడల్లా ఆ ముక్క మళ్లీ దుమ్మవుతుంది. ఇలాంటి వ్యర్థానికి శాస్త్రీయంగా కట్టిన చోటు తెలంగాణలో హైదరాబాద్ శివారు దుండిగల్‌లో ఉంది. అంకాపూర్‌కు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. పది రేకుల కోసం ఏ రైతూ అక్కడికి ట్రాక్టరు కట్టుకుని పోడు.

చేయదగ్గవి చిన్నవే. రేకును కోయాల్సి వస్తే నీళ్లు పోస్తూ చేతి రంపంతో కోయాలి, గ్రైండర్ పెట్టనే కూడదు. విప్పేటప్పుడు ముందు తడపాలి, బోల్టులు విప్పి నిండు రేకుగా దింపాలి, పైనుంచి విసిరేయకూడదు. ముఖానికి రుమాలు చాలదు, మందుల షాపులో దొరికే ఎన్-95 మాస్కు గుడ్డ కన్నా ఎంతో నయం. ముక్కలను తడిగుడ్డతో ఎత్తి మందమైన ప్లాస్టిక్ సంచుల్లో కట్టాలి. ఆ బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకకూడదు. పగలని రేకుకు లోపలి వైపు రంగు పూస్తే కొన్నేళ్లు నార రాలడం తగ్గుతుంది. ఇవన్నీ తాత్కాలికమే. బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి కప్పుల మీద రేకులుంటే వాటిని ముందుగా, ప్రభుత్వ ఖర్చుతో మార్చాలి. పిల్లల ముందు యాభై ఏళ్ల జీవితం ఉంటుంది, ఈ జబ్బుకు కావలసింది అంతే కాలం. దేశం మొత్తానికి కావలసింది దిగుమతి ఆపే తేదీ. ఆ తేదీ ప్రకటిస్తే కంపెనీలు ఏడాది రెండేళ్లలో వేరే పీచుకు మారగలవు. సాధ్యమని ఇప్పటికే చూపించాయి కదా.

అంకాపూర్‌కు ఒక సౌలభ్యం ఉంది. ఈ చుట్టుపక్కల గ్రామాభివృద్ధి కమిటీ మాటంటే మాటే. ఆ కమిటీలు కొన్నిచోట్ల సాంఘిక బహిష్కారాలకు దిగి చెడ్డపేరు తెచ్చుకున్న మాటా నిజమే, వాటిని నేను సమర్థించను. అదే కట్టుబాటును ఈ ఒక్క పనికి వాడండి. ఊళ్లో ఎవరూ సిమెంటు రేకును గ్రైండర్‌తో కోయకూడదని తీర్మానం చేయండి. బావులకు, చెరువుకు దూరంగా ఒక చోటు చూసి, పగిలిన రేకులను తడిపి సంచుల్లో కట్టి అక్కడే దాచే ఏర్పాటు పంచాయతీతో చేయించండి, ఆ స్థలాన్ని రికార్డులో రాయించండి. ఏడాదికోసారి వచ్చి వాటిని దుండిగల్‌కు తీసుకుపొమ్మని కాలుష్య నియంత్రణ మండలికి పంచాయతీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయండి. వడగళ్ల కాలం మార్చిలో మొదలవుతుంది, తీర్మానం అంతకు ముందే కావాలి.